పాకం మచ్చలు

మా ఆయన ఒంటి మీద మచ్చ లేని చోటు వెతకడం కష్టం. బెల్లం పెనం దగ్గర నిలబడేవాళ్ళ ఒళ్ళు అట్లాగే ఉంటుంది. చిత్తూరుకు ఐదారు మైళ్ళ దూరంలో మా ఊరు. మాకు చెరుకు తోట లేదు, గానుగ లేదు. ఉన్నదల్లా ఆయన చేతిలో పని. చెరుకురసం ఉడికి ఉడికి పాకానికి వచ్చే వేళ, దాన్ని ఎప్పుడు దించాలో చెప్పేవాడు ఆయన. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు, కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. ఒక చుక్క తీసి చెంబులో నీళ్ళలో వేసి, వేళ్ళ మధ్య ఉండ చేసి చూసి, "దించండబ్బా" అనేవాడు. పొద్దు పొడవక ముందు నిలబడితే పొద్దు గూకేదాకా నిలబడే ఉండాలి. పంచె ఎగ్గట్టి, చొక్కా లేకుండా. పాకం చిట్లి చేతుల మీదా ఛాతీ మీదా పడేది.

ఈ మచ్చల గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, వాటి వెనక మేం ఒక నిజం దాచాం. మా అత్త దాచింది, నేనూ దాచాను. ముసలిదాన్నయ్యాను, ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు. చెప్పేస్తాను.

యుద్ధం నడుస్తున్న కాలం. నాకు పెళ్ళయి మూడేళ్ళు. మాఘమాసంలో నాకు మూడో నెల. వేవిళ్ళతో ఏం తిన్నా కడుపులో నిలవదు, కోపం మాత్రం ముక్కు మీదే నిలిచి ఉంటుంది. అత్త ఒకటంటే నేను రెండనేదాన్ని. ఆమె అనే మాట ఒకటుండేది: "నీ నోట్లో నువ్వుగింజ నానదే అమ్మీ." నిజమే, ఏ మాటా దాచుకోలేను. అట్లాంటిదాన్ని ఆ ఒక్క మాటను మాత్రం నెలకు పైగా దాచాను.

ఆ మాఘమాసంలోనే ఆయనకు ఆటలమ్మ పోసింది. నాకు చిన్నప్పుడే పోసి పోయింది కాబట్టి నాకు భయం లేదు. పెద్దవాళ్ళకు పోస్తే ఎక్కువగా పోస్తుంది. తల వెంట్రుకల్లో, వీపున, చివరికి నాలుక మీద కూడా లేచాయి. అత్త లోపలి గది గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంక ఇంట్లో నియమాలు మొదలయ్యాయి. పొయ్యి మీద నూనె కాగకూడదు, తిరగవాత పెట్టకూడదు. తల దువ్వకూడదు. బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని జబ్బు అనకూడదు. అమ్మ వచ్చింది, ఉంటుంది, చల్లగా పోతుంది. అంతే అనాలి.

ఊళ్ళో మూడో కంటికి కూడా తెలియనివ్వలేదు అత్త. దానికి ఇంకో కారణం ఉంది. అంతకు ముందు ఏడాది పక్క ఊళ్ళో ఒకరికి అమ్మవారు పోసిందని తెలిసి, టీకాల ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇంటి చుట్టూ సున్నం చల్లించి, ఆ మనిషిని ఊరి బయట కొట్టంలో పెట్టించాడు. అది ప్రాణం తీసే పెద్దమ్మవారో, ఆటలమ్మలాంటి చిన్నమ్మవారో చూడను కూడా చూడలేదని చెప్పుకున్నారు. ఆ మనిషి కొట్టంలోనే పోయాడు. "నా కొడుకును కొట్టంలో పెట్టనిస్తానా? ఎవురన్నా అడిగితే వాడు తిరుపతికి పోయినాడని చెప్పు," అంది అత్త.

ఆరు రోజులు చప్పటి తిండి తిన్నాను. పెరుగన్నం, ఉప్పు వేసిన గంజి, పోపు లేని చారు. వేవిళ్ళ నోటికి ఆ చారు వాసన వస్తేనే వాంతి. ఏడో రోజు మధ్యాహ్నం అత్త గంగమ్మ గుడికి పెరుగన్నం తీసుకుపోయింది. నాకు ఏమొచ్చిందో ఏమో, గరిటెలో నూనె కాచి, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు వేసి చారు మీద కుమ్మరించాను. చుయ్యిమంది. ఆ ఘాటుకు లోపల మంచం మీద ఆయనకు దగ్గు వచ్చింది.

"ఏమే, తిరగవాత పెడతా ఉండావా?" అన్నాడు లోపలి నుంచి.

"తప్పయిపోయింది. నోరు చచ్చిపోయింది నాకు. అత్తతో చెప్పొద్దు," అన్నాను.

ఆయన నవ్వాడు. "చెప్పను గానీ, నాకూ రెండు ముద్దలు పెట్టు. నా నోరు మాత్రం బతికుండాదా?"

ఇద్దరం దొంగల్లాగా తిన్నాం. గరిటె తోమి, తలుపులు తీసి, వేపాకు పొగ వేశాను. అత్త వచ్చి ముక్కు ఎగబీల్చింది కానీ ఏమీ అనలేదు. పదకొండో రోజున ఆయనకు తలకు నీళ్ళు పోశాం. ఒంటి మీద పొక్కులన్నీ ఎండి రాలాయి. అమ్మ చల్లగా పోయిందని అత్త చెంపలేసుకుంది. ఆయన మళ్ళీ పెనం దగ్గరికి పోయాడు.

అది జరిగి రెండు వారాలు కూడా కాలేదు. ఒకరోజు సాయంత్రం నడుముకు తాడు బిగించి కట్టినట్టు ఉందన్నాడు. పొద్దున్నే గానుగ దగ్గర నిలబడ్డాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయని అటూ ఇటూ నాలుగు అడుగులు వేశాడట. మధ్యాహ్నానికి కూలబడ్డాడు. పెనంలో పడాల్సినవాడు, పక్కవాళ్ళు పట్టుకున్నారు. ఇంటికి మోసుకొచ్చారు. నేను పాదం మీద గిల్లితే తెలియలేదు. గట్టిగా గిల్లాను. ఆయన నా మొహం చూస్తున్నాడు కానీ పాదం వైపు చూడలేదు. రాత్రికి ఒంటికి పోవడం కూడా ఆగిపోయి, పొత్తికడుపు ఉబ్బింది.

తెల్లవారి బండిలో గడ్డి పరిచి చిత్తూరులో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడుగునా అత్త ఒకటే మాట. "ఎవురో తప్పు చేసినారు. అమ్మ ఊరికే కాళ్ళు తియ్యదు. అదెవురో తెలియనీ, నా గడప తొక్కనీను. కడుపుతో ఉన్నా సరే, నా తోడబుట్టినా సరే." ఆమె నా వైపు చూసి అనలేదు. చూసి అంటే బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని బండి అంచు పట్టుకుని కూర్చున్నాను. నా పాపానికి ఆయన కాళ్ళు పోయాయని నాకు అప్పటికే నమ్మకం కుదిరిపోయింది.

డాక్టరు నడివయసు మనిషి, అరవదేశం నుంచి వచ్చినవాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు. ముందు సన్నని గొట్టం పెట్టి మూత్రం తీశాడు. మా ఆయన మొహంలోకి కాస్త ప్రాణం వచ్చింది. తరువాత డాక్టరు ఒక గుండుసూది తీసుకుని పాదం నుంచి పొడుచుకుంటూ పైకి వచ్చాడు. "తెలిసినప్పుడు చెప్పప్పా." పాదం, పిక్క, మోకాలు, తొడ. ఆయన మాట్లాడడు. నేను సూదినే చూస్తున్నాను. బొడ్డు దాటి రెండు వేళ్ళ పైకి వచ్చాక "ఆఁ" అన్నాడు. డాక్టరు అక్కడ పెన్సిలుతో అడ్డంగా గీత గీశాడు. ఆ గీత కింద ఉన్నదంతా మా ఆయనది కాదన్నట్టు అనిపించి నాకు ఏడుపు ఆగలేదు.

"వెన్నులో ఏదో జరిగింది," అన్నాడు డాక్టరు. "ఈ మధ్య ఏదైనా దెబ్బ తగిలిందా? జ్వరం వచ్చిందా? ఏదైనా జబ్బు చేసిందా?"

"జబ్బా? మా ఇంట్లో ఎవురికీ ఏ జబ్బూ రాలేదు సామీ," అంది అత్త. ఆమె మనసులో అది అబద్ధం కూడా కాదు. అమ్మ జబ్బు కాదు కదా.

"మరి ఈ మచ్చలేమిటి?"

"బెల్లం పాకం చిట్లిన మచ్చలు. వాడు పెనం కాడ నిలబడేవాడు. కావాలంటే ఎవురినైనా అడగండి."

డాక్టరు నా వైపు చూశాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. "అవును సార్, పాకం మచ్చలే," అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

డాక్టరు అనుమానాలు ఒకటొకటిగా తీసుకుంటూ పోయాడు. ఒకరోజు అత్తను బయటికి పిలిచి, మీవాడు చెడు ఆడవాళ్ళ దగ్గరికి పోతాడా అని అడిగాడు. ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచింది అత్త. "నా కొడుకు ఒంటినిండా ఉండేది బెల్లం వాసన! అది తప్ప ఇంకో వాసన తెలియదు వాడికి!" ఆ రోగం వచ్చినా కాళ్ళు పడిపోతాయట. నెత్తురు తీసి మద్రాసుకు పంపారు, అది కాదని తేలింది. వెన్నులోంచి సూదితో నీళ్ళు తీశారు. ఎక్స్‌రే తీశారు. ఆ నల్లకాగితాన్ని కిటికీకి ఎత్తిపట్టి, ఒక ఎముక పక్కన మసకలాంటిది చూపించి, ఇది వెన్నెముక క్షయ కావచ్చు అన్నాడు. కావచ్చు అనే అన్నాడు పాపం. అట్లాంటివాళ్ళను కదలనివ్వకూడదట. వీపు కొలతకు, తడిపితే గట్టిపడే పలాస్త్రీ పిండితో తొట్టిలాంటిది పోసి అందులో పడుకోబెట్టారు. నెలలు పడుతుందన్నారు.

ఆయన మెదలకుండా పడుకునేవాడు. నేను పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని. అత్త ఆసుపత్రి వెనక చెట్టు కింద రాళ్ళ పొయ్యి పెట్టి గంజి కాచేది. నేనూ ఆయనా ఇద్దరమే ఉన్నప్పుడు కూడా ఆ మధ్యాహ్నం చారు గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేనేమో ఆయన మనసులో నన్ను తిడుతున్నాడనుకున్నాను. చూపు కలిపేదాన్ని కాదు. ఒకసారి ఆయనే, "బిడ్డ కదులుతా ఉండాదా?" అని అడిగాడు. ఆ ముందు రోజే మొదటిసారి కదిలింది. "లేదు," అన్నాను. ఎందుకు లేదన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కాళ్ళు కదలనప్పుడు నా కడుపులో కదలిక గురించి చెప్పడం నాకు చేతకాలేదు.

మూడు వారాలు గడిచాక పలాస్త్రీ దగ్గర వాసన మొదలైంది. నేనే ముందు పసిగట్టాను. సిస్టరమ్మకు చెబితే డాక్టరును పిలిచింది. తొట్టిలోంచి ఆయన్ను పక్కకు తిప్పారు. నడుము కింద, ఎముక దగ్గర, నా అరచెయ్యంత పుండు. మడమల దగ్గర చెరొకటి. ఆయనకు నొప్పే తెలియలేదు. తెలిసి ఉంటే అరిచేవాడు, మేం చూసేవాళ్ళం.

డాక్టరు పుండు కడుగుతున్నవాడు కాస్తా ఆగిపోయాడు. వీపు మీద వేలు పెట్టి ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకు పోయాడు. మెడ దాకా వచ్చి, తల వెంట్రుకలు పాయలు తీసి చూశాడు. అక్కడ కూడా గుంట పడిన మచ్చలున్నాయి. నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, పెనం ఎప్పుడూ ముందరే కదా ఉంటుంది. పాకం వీపు మీదికి ఎట్లా చిట్లింది? తలలోకి ఎట్లా పోయింది?"

అత్త గంజి కాయడానికి పోయింది. అడ్డం పడేవాళ్ళు లేరు. మంచం కోడు పట్టుకున్నాను. ఇంక ఆగలేదు, ఒక్కసారిగా కక్కేశాను. "అమ్మ పోసింది సార్! మాఘమాసంలో ఆటలమ్మ పోసింది. పదకొండో దినం నీళ్ళు పోసినాం. నేను, ఈ పాపిష్టిదాన్ని, ఏడో దినం చారులో తిరగవాత పెట్టినా. ఆయనకూ పెట్టినా. అందుకే అమ్మ కాళ్ళు తీసేసింది. నన్నేమన్నా చెయ్యండి, ఆయన కాళ్ళు ఆయనకియ్యండి!"

వెనక చెంబు కింద పడిన చప్పుడు. అత్త వాకిట్లో నిలబడి ఉంది, గంజి కాళ్ళ మీదుగా పారుతోంది. "నా కొడుకు కాళ్ళు తీసినావు గదే," అంటూ వచ్చి నా జుట్టు పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

డాక్టరే ఆమె చెయ్యి పట్టి లాగాడు. అంత నెమ్మది మనిషికి అంత గొంతు ఉందని నాకు తెలియదు. "వదులమ్మా! ఆవాలకు వెన్నులోకి పోయే దారి లేదు. ఆటలమ్మ పోసి తగ్గినాక ఎక్కడో ఒకరికి వెన్నులోని నరాల కట్ట వాస్తుంది. నేను పుస్తకంలో చదివినానే గానీ కళ్ళతో చూడలేదు. మీరు ఆ దినమే చెప్పి ఉంటే దీన్ని క్షయ అనుకొని ఉండను, పలాస్త్రీ వేసి ఉండను. ఈ పుండు వచ్చి ఉండదు." గొంతు తగ్గించి అన్నాడు. "నేనూ ఈ వీపు మొదటి దినమే చూసినాను. మీరు పాకం అంటే పాకం అనుకున్నాను. నాది కూడా తప్పే."

"అయితే కాళ్ళు?" అని అడిగాను.

"దానికి మందు లేదమ్మా. వాపు తనంతట తను తీయాలి. కొందరికి పూర్తిగా వస్తాయి, కొందరికి సగం వస్తాయి. కొందరికి రావు. ముందు ఈ పుండు మానాలి. పుండుతోనే ప్రాణం పోతుంది, కాళ్ళతో కాదు."

ఆ మాట విన్న తరువాత అత్త నా జుట్టు జోలికి రాలేదు. మాట్లాడను కూడా మాట్లాడలేదు. కానీ రెండు గంటలకొకసారి ఆయన్ను పక్కకు తిప్పాలని సిస్టరమ్మ చెబితే, భుజాల దగ్గర ఆమె, మోకాళ్ళ దగ్గర నేను పట్టుకుని తిప్పేవాళ్ళం. "ఊఁ" అనేది, నేను ఎత్తేదాన్ని. మా ఇద్దరి మధ్య ఆ ఒక్క అక్షరమే నెల రోజులు నడిచింది. ఆయన అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు. అదే నాకు గుండె కోత.

ఒక పొద్దున ఎడమకాలి బొటనవేలు కదిలింది. ఈగ వాలిందేమోనని చూశాను. మళ్ళీ కదపమన్నాను, కదిపాడు. అత్త పరుగెత్తి డాక్టరును చొక్కా పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. వైశాఖానికి ఎడమకాలు మోకాలి దాకా వచ్చింది. పుండ్లు పూడడానికి శ్రావణం దాకా పట్టింది. ఆ శ్రావణంలోనే అదే ఆసుపత్రిలో నాకు కూతురు పుట్టింది. ఆయన రెండు కర్రల మీద వచ్చి వాకిలి పట్టుకుని నిలబడి బిడ్డను చూశాడు. నిలబడి చూశాడు. ఆ పూట నేను పెట్టిన ఏడుపుకు సిస్టరమ్మ నన్ను కసురుకుంది.

కుడికాలు మాత్రం పూర్తిగా రాలేదు. చేతికర్ర వేసుకుని ఈడ్చుకుంటూ నడిచేవాడు. పెనం దగ్గర నిలబడే పని పోయింది. గానుగవాళ్ళు మంచివాళ్ళు, ఒక రాయి వేసి కూర్చోబెట్టి పాకం చూపించుకునేవారు. కానీ కూర్చుంటే పెనంలో బుడగ కనబడదు, చుక్క ఎప్పుడు తీయాలో తెలియదు. నాలుగు పెనాలు చెడ్డాక తనంతట తనే పోవడం మానేశాడు. బుట్టలల్లడం నేర్చుకున్నాడు.

ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఒకటి కనిపెట్టాను. నా చేతి తిరగవాత ముట్టడు. "నా పప్పు ముందే తీసి పెట్టు మే, కడుపులో మంట," అంటాడు. కడుపులో మంట నాది. డాక్టరు అంత చెప్పినా ఈయన మనసులో తప్పు నాదే అన్నమాట! పైకి ఒక్క తిట్టు తిట్టడు, కంచంలో మాత్రం రోజూ శిక్ష వేస్తాడు. ఆరు నెలలు ఓర్చుకున్నాను.

కొడుకు లేచి తిరిగితే కొండకు నడిచి వస్తానని అత్త మొక్కుకుంది. మరుసటి మాఘంలో తిరుపతికి పోయాం. అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు ఆయన మొక్కి, అక్కడే మండపంలో కూర్చున్నాడు. పైకి ఎక్కలేడు. చంటిబిడ్డతో నేనూ ఉండిపోయాను. అత్త ఇద్దరి మొక్కు తానే మోస్తానని మెట్లకు పసుపు రాసుకుంటూ ఎక్కింది.

ఎండ ఎక్కాక సద్దిమూట విప్పాను. అత్త చేసిన చిత్రాన్నం, పెరుగన్నం. చిత్రాన్నం నిండా ఆవాలు, మిరపకాయలు. ఆయన చెయ్యి పెరుగన్నం వైపే పోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"అది మీ అమ్మ చేసిందే. నేను చెయ్యలేదు, తినొచ్చు," అన్నాను. "ఎన్నాళ్ళు ఈ సాధింపు? అనదల్చుకుంటే నోరు తెరిచి అను. నీ కాళ్ళు తీసింది నేనేనని అను!"

ఆయన తెల్లబోయి చూశాడు. "నువ్వా? నువ్వెందుకు తీస్తావే?"

"మరి తిరగవాత ఎందుకు ముట్టవు?"

ఆయన మెట్ల వైపు తిరిగి అన్నాడు, "నువ్వు నాకు పెట్టలేదు మే. నేనే అడిగి తింటి. ఒంటి మీద అమ్మను పెట్టుకొని అడిగి తిన్నోన్ని నేను. తప్పు నాది గదా." తరువాత అన్నాడు, "ఆ డాక్టరు నన్ను ఒంటిగా మూడుసార్లు అడిగినాడు. నువ్వూ అమ్మా బయట ఉన్నప్పుడు. నాయనా, ఏదన్నా జబ్బు చేసిందా నీకు అని. లేదంటి."

"ఎందుకు?"

"అమ్మ పోసిందంటే, తప్పు ఎవురిదని మాయమ్మ తవ్వుతాది. నీ మొహం చూస్తే తెలిసిపోతాది. కడుపుతో ఉన్నదానివి, యాడికి పోతావు? పలాస్త్రీలో పడుకుంటే పోలా అనుకుంటి."

మూడు వారాల పలాస్త్రీ, ఆ పుండ్లు, ఆరు నెలల మంచం, నా మౌనం వల్లే అని లెక్క వేసుకుని కుమిలాను. ఆ పక్కనే పడుకుని ఆయన నా కోసం అదే అబద్ధం ఆడాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఏడిచాను, తిట్టాను కూడా. "ఓరి పిచ్చి మనిషీ" అన్నాను. మొగుణ్ణి అనకూడని మాటలు ఇంకా అన్నాను.

తరువాత చిత్రాన్నం ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టాను. మిరపకాయ ముక్క కూడా తీయలేదు. ఆయన మెట్ల పైకి చూశాడు, వాళ్ళమ్మ కనుమరుగైందో లేదో అని. నోరు తెరిచి తిన్నాడు.

మింగాక, బాగున్న ఎడమకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఇంకా కదులుతుందో లేదోనని బొటనవేలు కదిపి చూసుకున్నాడు.